సుగ్గికి పోయినవాళ్ళ బండ

పెద్దమ్మ పోయిందని అన్న ఫోన్ చేసినప్పుడు నేను ఆదోనిలో ప్రెస్సులో ఉన్నాను. చేతిలో మా సంఘం స్వర్ణోత్సవ పుస్తకం ప్రూఫులు. "పొద్దున రొట్టె తిని, రోంతసేపు పండుకుంటానని పండుకునింది తమ్ముడూ. మళ్ళ లేయలేదు," అన్నాడు. అన్న అంటే పెద్దమ్మ కొడుకు. కాసేపు ఏడ్చి, "నువ్వు వస్తావని సూస్తాండె" అని కూడా అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. ప్రూఫుల రెండో పేజీలో 'సంఘ చరిత్ర' అన్న శీర్షిక, దాని కింద ఒక్క పేరా, ఆ కింద అంతా ఖాళీ. ఆ ఖాళీ నింపడానికి కావలసినదంతా ఆమె దగ్గరే ఉంది. ఏడాదిగా చెబుతాను రమ్మంటూనే ఉంది.

మా ఊరు ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే దారిలో, రోడ్డు వదిలి కొంత లోపలికి ఉంటుంది. మా మందిరం ఏ మిషనుదీ కాదు. పత్తి తీసే కాలంలో ఆదివారం కూడా కూలి పనే కాబట్టి, పొద్దున పట్నం మందిరానికి పోలేని ఆడవాళ్ళు సాయంత్రం చేను నుంచి వచ్చి మా అవ్వ ఇంటి పంచలో ప్రార్థనకు కూర్చునేవాళ్ళట. తలలో పత్తి పోగులు అట్లాగే ఉండేవట. అదే సంఘమైంది. పాస్టరు ఎన్నో ఏళ్ళ తర్వాత వచ్చాడు. ఇప్పటికీ మా ఆరాధన ఆదివారం సాయంత్రమే.

మందిరం కట్టుకున్నారు గానీ లోపల మట్టి నేల. కొత్తగా చేరిన ప్రతి ఇల్లూ ఒక బండ తెచ్చి పరచాలని అనుకున్నారు. ఎవరి బండ మీద వాళ్ళు కూర్చునేవాళ్ళు. మా వైపు వానలు మొహం చాటేస్తే జనం సుగ్గికి పోతారు, అంటే ఇంటికి తాళం వేసుకుని గుంటూరు వైపు మిరప కోతలకు వలస పోతారు. అట్లా పోయినవాళ్ళ బండ ఖాళీగా ఉండేది. మందిరం ఎంత కిక్కిరిసినా దాని మీద ఎవరూ కూర్చోరు. ప్రార్థన అయిపోయాక పక్క బండవాళ్ళు దాన్ని కొంగుతో తుడిచి ఇంటికి పోవాలి. అది మా పద్ధతి.

ఆదివారం మధ్యాహ్నం మందిరం ఊడ్చే పని పెద్దమ్మది. ఎవరూ అప్పగించలేదు, తనే పెట్టుకుంది. ఒక్కో బండ ఊడుస్తూ ఆ ఇంటివాళ్ళ పేర్లు చెప్పి దేవునికి అప్పజెప్పేది. చచ్చిపోయినవాళ్ళ పేర్లు కూడా చెప్పేది. వాళ్ళకిప్పుడు ఏం అవసరమని నేను వేళాకోళం చేస్తే, "వాళ్ళు తెచ్చిన బండ ఈడనే ఉండాది కదప్పా" అనేది.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను కాబట్టి పుస్తకం పని నాకిచ్చారు. నోటు పుస్తకం పట్టుకుని ఆమె దగ్గరికి పోయాను.

"మందిరం ఏ సంవత్సరంలో కట్టినారు పెద్దమ్మా?"

"సంవత్సరం నాకేం తెలుసప్పా. ఏ బండో సెప్పు, ఎవరిదో సెప్తా."

"పుస్తకానికి తేదీలు కావాల."

"మూలకు సిన్న బండ ఉండాది సూడు, అది కౌతాళం ఆయమ్మది. పెద్ద బండ మోయలేక మొగుడు రెండు తునకలు సేసి ఒకటి తెచ్చినాడు. రెండోది మళ్ళ తెస్తానన్యాడు, తేనేలేదు. రాసుకో."

నేను రాసుకోలేదు. చరిత్ర అంటే అది కాదని నా ఉద్దేశం. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చరిత్ర చెబుతున్నవాడిని కదా, నాకు తెలియదా? "ఇంట్లో కూసోని అడిగితే నాకెట్ల గెవనం వస్తాది? గుడికి రా, బండ బండకూ నిలబడి సెప్తా," అంది. సరేనని వచ్చేశాను. పోలేదు.

ఈలోగా స్వర్ణోత్సవానికి మందిరంలో టైల్సు వేయాలని కమిటీ కూర్చుంది. బండలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, వచ్చే అతిథులకు కుర్చీలు సరిగా నిలబడవని. మొదట చెయ్యెత్తింది నేనే. ఇది దాచిపెట్టి ఆమెను పొగుడుతూ కూర్చుంటే అంతకన్నా సిగ్గుచేటు ఉండదు. నా తర్వాత అందరూ ఎత్తారు. ఒక్కరన్నా వద్దని ఉండొచ్చు కదా. ఇది చదివి మా పెద్దలకు కోపం వస్తే రానీ.

పెద్దమ్మ గొడవ చేయలేదు. టైల్సు వేశాక మొదటి ఆదివారం అందరూ కూర్చున్నా ఆమె మాత్రం గోడ పక్కన నిలబడే ఉంది. కూర్చోమని సైగ చేశాను. "యాడ కూసోవాల్నో తెలీలేదప్పా," అంది తర్వాత. పంతం అనుకున్నాను. నాకు ఒళ్ళు మండింది.

తీసేసిన బండలు మోరీ కాలవ మీద మూతలకు పనికొస్తాయని బయట పడేశారు. వాటిని ఆమె అన్నతో ట్రాక్టర్లో ఇంటికి తోలించుకుందని విన్నాను. బట్టలుతకడానికేమో అనుకున్నాను. ఆ తర్వాత మూడు నాలుగుసార్లు ఫోన్ చేసి, "ఒకసారి వచ్చిపో నాయనా, సెప్పేది ఉండాది" అంది. పుస్తకం పని అయిపోనీ పెద్దమ్మా, అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అన్న ఫోన్ చేసిన మరునాడు, పెద్దమ్మను మట్టి చేసి ఇంటికి వచ్చాకే ఆమె పెరడు చూశాను. బండలన్నీ వరసలుగా పరిచి ఉన్నాయి. మందిరంలో ఉన్న వరసలే. మూలన ఆ సగం బండ.

"అమ్మే నిలబడి పరిపించె," అన్నాడు అన్న. "ఇద్దరు కూలోళ్ళను పెట్టుకోని రెండు దినాలు సతాయించింది. ఒక బండ అటూఇటూ అయితే మళ్ళ తీపించె. నువ్వొస్తే ఈడనే సెప్తానని."

నాకు ఆ సగం బండ ఒక్కటే తెలుసు. మిగతావి ఎవరివో తెలియదు. కమిటీ మీద, నా మీద, నిజం చెప్పాలంటే ఆమె మీద కూడా కోపం వచ్చింది. నేను రాకపోతే ఇంకెవరికైనా చెప్పి ఉండొచ్చు కదా. నాకోసమే ఎందుకు దాచిపెట్టుకుంది?

ప్రార్థనకు జనం వచ్చి ఎక్కడ చోటు దొరికితే అక్కడ కూర్చున్నారు. కౌతాళం ఆయమ్మ కూతురు, ఆమె కూడా ఇప్పుడు ముసలిదే, కౌతాళం బస్సు దిగి ఆలస్యంగా వచ్చింది. పెరడంతా ఒకసారి చూసింది. ఎవరినీ అడగకుండా మూలకు పోయి ఆ సగం బండ మీద కూర్చుంది. అది చూసి ఒకరిద్దరు ఆడవాళ్ళు కింద చూసుకుని లేచారు. "ఇది మా అత్తది కదా?" "కాదక్కా, మీది ఆ పక్కది." జేబులో ఉన్న ప్రూఫులు తీసి వెనక వైపు రాసుకోవడం మొదలుపెట్టాను. ఆరు ఇళ్ళు దొరికాయి. మిగతావాటి గురించి ఎంత అడిగినా తలలు అడ్డంగా ఊపారు. మీ పెద్దమ్మకు తెలుసప్పా, అన్నారు.

కాళ్ళు పీకి, గడప పక్కన ఖాళీగా ఉన్న బండ మీద కూర్చోబోయాను.

"ఆడ కూసోవాకప్పా," అంది కౌతాళం ఆయమ్మ కూతురు. "అది మీ పెద్దమ్మది."

నిలబడిపోయాను. పాస్టరు ప్రార్థన చేసినంతసేపూ గోడ పక్కన నిలబడే ఉన్నాను. పెరడంతా జనం, ఆ ఒక్క బండా ఖాళీ. ప్రార్థన అయ్యాక ఆమె సగం బండ మీంచి మెల్లగా లేచి వచ్చి, వంగి, ఆ బండను కొంగుతో తుడిచి కౌతాళం బస్సుకు పోయింది.