సైదులు అని పిలిస్తే

జనవరి నెల, శుక్రవారం, ఉదయం ఎనిమిది గంటలు, దట్టమైన పొగమంచు. మతమూ రాజకీయమూ నా పరిశోధనాంశం. కోదాడ కళాశాలలో ప్రసంగానికని మిర్యాలగూడలో బస్సెక్కాను. పేర్లను బట్టి ఓటర్ల మతాన్ని నిర్ణయించి నేను వేసిన లెక్కే ఆ ప్రసంగానికి ఆధారం.

పక్క సీటులోని వృద్ధురాలు మాటల్లో తన కొడుకు పేరు సైదులని చెప్పింది. "మీరు ముస్లింలా అమ్మా?" అని అడిగాను.

"కాదు సారూ, గొల్లోల్లం. జాన్‌పాడు సైదులు దర్గకాడ మొక్కితె పుట్టిండు, గందుకే గా పేరు వెట్టినం. ఈడ ఇంటికొక సైదులుంటడు. నమ్మవా? సూడు!" అని వెనక్కి తిరిగి, "ఓ సైదులూ!" అని కేకేసింది.

ముగ్గురు ప్రయాణికులు తలెత్తారు. "ఏందవ్వా, టికెట్ ఇచ్చిన గద!" అన్నాడు కండక్టరు.

నలుగురినీ విచారించి, ఆ లెక్కను ప్రసంగం నుంచి తొలగించాను. తప్పు అంకెలతో సభ ముందు నిలబడకుండా కాపాడిన ఆ తల్లికి నమస్కరించాను. పిలుపుకు పలికినవారు నలుగురు, నలుగురూ హిందువులే.