పొట్ట తడుపుకొచ్చిన పిట్ట

నాకు ఓపిక తక్కువ. భవానీపురంలో మా ఇంటి దగ్గర కృష్ణా నది మీద టెర్న్ అనే నీటిపిట్టలు తిరుగుతాయి. వాటిలో రెండు రకాలు అన్నదమ్ముల బిడ్డల్లా ఉంటాయి, రెండింటికీ నల్లటోపీ. పెద్దదానికి పసుపు ముక్కు, తెల్లటి పొట్ట. చిన్నదానికి నారింజ ముక్కు, గుడ్లు పెట్టే రోజుల్లో నల్లటి పొట్ట. రెండూ తగ్గిపోతున్నాయి, నల్లపొట్టదైతే మరీను. దానికోసం నాలుగు వేసవులు కళ్లు కాయలు కాచేలా చూశాను.

మొన్న వేసవిలో ఒక ఆదివారం, ఎప్పుడూ నన్ను తిప్పే పడవాయనతో ఇబ్రహీంపట్నం వైపు వెళ్తున్నాను. ఎండ చుర్రుమంటోంది. ఒక పిట్ట నీళ్లను రాసుకుంటూ వచ్చి ఇసుకతిన్నె మీద వాలింది. పొట్ట నల్లగా ఉంది!

"బాబాయ్, అదే! నల్లపొట్టది! ఒడ్డుకి పోనీ!"

నోట్‌బుక్‌లో 'నల్లపొట్ట' అని గిలికేశాను. పడవ ఆగీ ఆగకముందే దూకి పరుగెత్తాను.

"మేడంగారూ, అడుగెయ్యమాకండి!"

ఏనాడూ గొంతు పెంచని మనిషి అరిచేసరికి ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది. దానికి జానెడు దూరంలో ఇసుకలో చిన్న గుంట, అందులో ఇసుక రంగులోనే మచ్చల గుడ్లు మూడు. పిట్ట నా నెత్తి మీద గోలగా తిరుగుతోంది. ముక్కు పసుపు.

"పొట్ట నల్లగా ఉందిగా, బాబాయ్?"

"తడిసిందండీ, ఎదురెండలో అట్టా కనబడింది. పొట్ట నీళ్లలో ముంచుకొచ్చి గుడ్ల మీద కూకుంటది. లేకపోతే ఈ ఎండకి ఉడికిపోవూ? అందుకే గుడ్లున్న రోజుల్లో మేం ఇక్కడ వలలు ఆరెయ్యం."

సిగ్గుతో చచ్చిపోయాను. పిట్టలు తగ్గిపోతున్నాయని మా కాలేజీలో పిల్లలకి ఉపన్యాసాలు దంచేది నేనే. నా అడుగుల్లోనే అడుగులేసుకుంటూ వెనక్కి వచ్చాను. పడవ దూరంగా లాగి ఆపాం. గుడ్లు ఎండలో ఉన్నాయి, తల్లేమో వాలడం లేదు.

చివరికి అది నీళ్ల మీదికి వాలింది. ఒకసారి పొట్ట ముంచింది, రెండోసారి ముంచింది, తిన్నగా వెళ్లి గుడ్ల మీద కూర్చుంది. ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టబోయాను. పడవాయన చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

నోట్‌బుక్‌లో 'నల్లపొట్ట' కొట్టేసి, కింద ఇలా రాసుకున్నాను: పసుపు ముక్కు. తడి పొట్ట. మూడు గుడ్లు. ఇక్కడ నేను దిగకూడదు.