సరోజినీ టీచర్ తవ్వని తోట

మొన్నటి వానకు మా వరండాలో అట్టపెట్టె ఒకటి నానిపోయింది. ఆ తడి అట్ట వాసన తగలగానే, మైలాపూరులో మా పక్కవాటాలో ఉండిన సరోజినీ టీచర్ కళ్లెదుట నిలబడ్డారు. స్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. తాతల నాడే మద్రాసు చేరిన తెలుగు కుటుంబం వాళ్లది. నడుముకు ఆపరేషన్ అయ్యాక వంగకూడదు, బరువెత్తకూడదు అన్నారు డాక్టర్లు. ఆవిడేమో పెరట్లో కూరగాయలు పండించి తీరాలనుకున్నారు.

తొంభైల నడిమి రోజులవి. మద్రాసు శివారు మనలిలో నేను పనిచేసే రసాయనాల ఫ్యాక్టరీ మూతపడింది. ల్యాబులో ఉద్యోగం పోయాక గడప దాటడం మానేశాను. ఇప్పుడేం చేస్తున్నావని ఎవరైనా అడుగుతారేమోనని భయం. ఓ ఉదయం టీచర్ గోడ అవతలినుంచి కేకేశారు.

“ఏమ్మా, ఈడికి రా. అట్టలు పరచాల, నేను వంగలేను.”

వెళ్లి చూస్తే పెరడంతా గరిక, రాయిలా గట్టిపడిన నేల. “ముందు ఇదంతా తవ్వించాలి కదా టీచర్?” అన్నాను.

“ఎందుకు తవ్వేది? పోయినేడు ఒక గోనెసంచి ఆడ మరిచిపోయినా. వానలైనాక ఎత్తి చూస్తే కింద గడ్డి చచ్చిపోయి, మన్ను మెత్తగా ఉండాది, అంతా వానపాములే. వెలుతురు లేకుంటే గడ్డి ఎట్ల బతుకుతాది, నువ్వే చెప్పు.”

అంగళ్లలో పారేసే అట్టపెట్టెలు తెచ్చి విప్పి, సందు లేకుండా ఒకదాని అంచుమీదికి ఇంకొకటి ఎక్కేలా గరికమీద పరిచాను. టీచర్ కుర్చీలో కూర్చుని పైపుతో తడిపారు. పైన మాగిన పేడ ఎరువు మందంగా పోసి, ఆ ఎరువులోనే వంగనారు, బెండగింజలు పెట్టి, చుట్టూ ఎండుటాకులు కప్పాం. అంచుల్లో మొండిగా తలెత్తే గరికను రోజూ తుంచేదాన్ని. ఆ వంకన రోజూ గడప దాటేదాన్ని.

మొక్కలు నిలదొక్కుకుంటున్న రోజుల్లో ఇల్లుగలాయన మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు.

“ఏంది టీచర్, ఇంత చెత్త పోసి పెట్టినారు? అంతా తీసి సిమెంటు వేయిస్తా.”

టీచర్ నావైపు తిరిగారు. “నువ్వు చెప్పు మా. చేసింది నువ్వే కదా.”

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, వంగి ఒకచోట ఎరువు పక్కకు తోసి, నానిన అట్టను చీల్చాను. గరిక కుళ్లి మన్నులో కలిసిపోతోంది. గడ్డపార దిగని ఆ నేలలోకి నా వేళ్లు సులువుగా దిగాయి. అదెలా జరిగిందో చెప్పడం మొదలుపెట్టాక, ల్యాబులో మాట్లాడినట్టే మాటలు వాటంతటవే వచ్చాయి. నా చేతిలో మెలిక తిరుగుతున్న వానపామును చూసి ఆయన ఓ అడుగు వెనక్కి వేశాడు.

“సరే, సరే. ఈ వానలు పోనీండి, చూస్తాం.”

ఆయన గేటు దాటాక టీచర్ నవ్వారు. “ఇంత మాట్లాడేదానివి, ఇన్నాళ్లు యాడ దాచిపెట్టినావు?”

ఆ ఏడు బెండ విరగకాసింది. ఇల్లుగలాయన సంచి తెచ్చుకుని మరీ కోసుకుపోయాడు. సిమెంటు మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత వెళ్లిన ఇంటర్వ్యూలో ఇన్నాళ్లూ ఖాళీగా ఏం చేశావని అడిగారు. తల దించుకోకుండా తోట గురించి చెప్పాను. ఉద్యోగం వచ్చింది. టీచర్ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆ ప్రశ్న అడిగే కుర్చీలో నేను కూర్చుంటున్నాను. పని పోయి, మాట తడబడుతూ ఎవరైనా ఎదుట కూర్చుంటే, ఖాళీగా ఎందుకున్నారని అడగను. “మీరు చేసిందేదైనా ఒకటి చెప్పండి” అంటాను. వాళ్లు మొదలుపెట్టేదాకా ఆగుతాను.