బామ్మర్దిని కొండెక్కించిన సంగతి

నా నోరు మంచిది కాదు. అల్వాల్‌లో స్కూల్ బస్సు నడుపుతాను. ఎక్కే పిల్లకో, ఎక్కించే తల్లికో ఒక చురక అంటించందే గేరు మార్చను. నవ్వొస్తుంది కాబట్టి ఎవరూ ఏమీ అనరు. ఆ నవ్వు మనిషి ప్రాణం మీదికి తేగలదని నాకు నిరుడు దసరా సెలవుల్లో తెలిసింది.

బామ్మర్ది నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. శామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు. బావాబామ్మర్దులన్నాక ఒకరి తోలు ఒకరు తీసుకోకపోతే తిన్నది అరగదు, మేమూ అంతే. నిరుడు వానలు మొహం చాటేశాయి, చెరువు సగం కూడా నిండలేదు. వల గుంజకు వేలాడేసి దిగులుగా కూర్చున్నాడని నేనే వాణ్ణి బయల్దేరదీశాను. నేపాల్ సరిహద్దు మీద సింగలీలా అని ఒక జాతీయ ఉద్యానవనం ఉందని, ఒక కాలు మన దేశంలో, ఒక కాలు పరాయి దేశంలో పెట్టి మంచుకొండలు చూడొచ్చని కౌకూర్‌లో ఉండే ఒక రిటైరైన సైనికుడు చెప్పాడు. సికింద్రాబాద్‌లో రైలెక్కేటప్పుడు నా భార్య నన్ను పక్కకు పిలిచింది.

"వాడు తనకేమైనా అయితే చెప్పుకోడు. జర పైలంగ సూస్కో."

ఆ పార్కులోకి గైడు లేకుండా పోనివ్వరు. కొండ కింద ఊళ్లో యాభై ఏళ్లాయన ఒకడు దొరికాడు. సగం దారిలో ఒక ఊరుంది, అక్కడ ఒక రాత్రి ఆగుదాం, ఒంటికి ఆ గాలి అలవాటు కావాలని ముందే చెప్పాడు. పండుగ నాటికి ఇల్లు చేరాలి, ఆగితే కుదరదన్నాను. మధ్యాహ్నం దాటేసరికి పాత జీపులో కొండ మీది బసకు చేరాం. దిగుతూనే బామ్మర్ది తల పట్టుకున్నాడు, తలకాయ పగిలిపోతోందన్నాడు. అన్నం ముట్టలేదు. కొత్త పెళ్లికూతురు కూడా నీకంటే నయం రా, ఇన్ని వేషాలు వెయ్యదు అన్నాను. ఇతనికి బాగానే ఉందా అని గైడు అడిగితే, జీపు కుదుపులకు అలా ఉన్నాడని నేనే జవాబు చెప్పాను. బామ్మర్ది నా మొహం చూసి దుప్పట్లో దూరాడు.

పొద్దున లేచేసరికి కొండల్లేవు. కిటికీ అవతల తెల్లటి పొగమంచు తప్ప ఏమీ లేదు, ఒక పిట్ట కూత కూడా లేదు. నా మనసు ఏదో కీడు శంకించింది. వాన పడుతుందేమో, కొండలు కనబడవేమో అనుకున్నాను గానీ అంతకు మించి ఆలోచించలేదు.

బామ్మర్ది మంచం అంచున కూర్చుని బూట్ల లేసులు పట్టుకుని ఉన్నాడు. కళ్లు మూసుకుని వల అల్లే మనిషి. చీకట్లోనైనా, మెడలోతు నీళ్లలోనైనా ముడి వేసే చేతులవి.

"ముడి పడ్తలేదు బావా," అన్నాడు. "చేతి యేళ్లు నా మాట ఇంటలేవు."

నేను పడీ పడీ నవ్వాను. పొద్దుగాల్నే వేశావా ఏంది అన్నాను. ఊడకుండా రెండేసి ముళ్లు వేసి నేనే కట్టాను.

సరిహద్దు వెంట నడక మొదలైంది. దారి పొడవునా పొట్టి రాళ్లు పాతి ఉన్నాయి, ఇటు మనది, అటు నేపాల్. ఎటు చూసినా అదే మంచు. గైడు ముందు, నేను మధ్యలో, వాడు వెనక. వాడి అడుగుల చప్పుడు తప్పుతోంది. రెండు పడతాయి, ఆగుతాయి, కాలు జారిన చప్పుడు, మళ్లీ ఒకటి. తాగుబోతులా ఊగుతూ ఆ పక్కకు పోతే అక్కడి పోలీసులకు అల్లుడివవుతావురా అన్నాను. వాడు నా మాటకు మాట అప్పజెప్పకపోవడం అదే మొదటిసారి. అప్పుడైనా నేను ఆగాల్సింది.

కాసేపటికి వెనక చప్పుడు మొత్తానికే ఆగిపోయింది. తిరిగి చూస్తే వాడు దారి వదిలి లోయ అంచున కూర్చున్నాడు. లోయ నిండా మేఘం, వాడి పాదాల దాకా వచ్చి నిలిచింది. వాడు బూట్లు విప్పుతున్నాడు. మా వైపు చేపలు పట్టేవాళ్లు చెప్పులు ఒడ్డున విడిచి, గంగమ్మకు మొక్కి నీళ్లలో దిగుతారు.

"బావా, చెర్వు నిండింది," అన్నాడు. ఏడాదిగా వాడి మొహంలో అంత సంతోషం చూడలేదు. "అలుగు పారెటట్టుంది. వల ఏడ వెట్టినవ్?"

నేను దారి మీదే నిలబడిపోయాను. నేను వేసిన ముళ్లు వాడి వేళ్లకు లొంగడం లేదు, లేసులు పీక్కుంటూ విసుక్కుంటున్నాడు. ఆ కాస్త వ్యవధిలో గైడు నన్ను తోసుకుంటూ వెళ్లి, వెనక నుంచి నడుం పట్టి వాణ్ణి ఇవతలికి లాగి పడేశాడు. ఇద్దరం అదిమి పట్టుకుంటే, చెరువులోకి పోనివ్వమని వాడు పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఈ ఎత్తు ఇతని మెదడుకు పట్టింది, వెంటనే కిందికి దింపకపోతే మనిషి దక్కడని గైడు హిందీలో అన్నాడు. తన నేపాల్ సిమ్ ఫోన్ నుంచి జీపు పిలిపించాడు. తలనొప్పి ఎప్పటి నుంచి అని అడిగాడు. ఈ పొద్దున నుంచే అన్నాను. ఆ పరిస్థితిలో కూడా నన్ను నేను కాపాడుకున్నాను, థూ.

జీపులో వాడి తల నా ఒళ్లో పెట్టుకున్నాను. కొంత దూరం ముద్దముద్దగా ఏదో గొణిగాడు, తర్వాత పిలిచినా పలకలేదు. మలుపు మలుపుకీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. కిందికి దిగేకొద్దీ నా ఫోన్ మోగడం మొదలైంది. నా భార్య. ఏమని చెప్పను, ఎత్తలేదు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. మర్నాడు సాయంత్రానికి వాడు కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టాడు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఇంత బాధ కడుపులో పెట్టుకుని నోరు మూసుకుని ఎందుకున్నావురా, నువ్వు చెప్పుకోవని మీ అక్క ముందే అన్నది అని అరిచాను.

వాడు ముక్కు మీది గొట్టం కొంచెం పక్కకు జరిపాడు. గొంతులో కోపమేమీ లేదు.

"చెప్పిన గద బావా. నువ్వు నవ్వినవ్."