ఆపకుండా పరిటాల దాకా

మొన్న దసరాకి బండికి పూజ చేద్దామని కారు కడుగుతుంటే, ముందు సీటు కింద నుంచి పసుపు చున్నీ ఒకటి బయటపడింది. అద్దాలు తుడవడానికి పనికొస్తుందని మావారు చెయ్యి చాచారు. ఇవ్వలేదు. ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నా. అది మా అమ్మాయిది. దాన్ని అక్కడ కుక్కింది నేనే.

మా మనవరాలికి అప్పుడు ఏడాదిన్నర. హైదరాబాదులో మా అమ్మాయికి ఒంట్లో బాగోలేక, ఒక మందు ఆలస్యం చెయ్యకుండా మొదలుపెట్టాలన్నారు డాక్టరమ్మ. పాలిచ్చే తల్లి ఆ మందు వేసుకోకూడదట. పాలు మానిపించాలని మా అమ్మాయి చూసింది గానీ, పిల్ల ఏడవగానే కరిగిపోయేది. ఇలాంటప్పుడు మా వైపు పిల్లని నాలుగు రోజులు అమ్మమ్మ ఇంటికి తెచ్చేసుకోవడం మామూలే. అల్లుడు ఆసుపత్రి పనుల్లో ఉన్నాడు. మావారు కంటి ఆపరేషనై నల్లద్దాలతో నందిగామలో కూర్చున్నారు. ఇక మిగిలింది నేనూ, మా పాత కారూ. నేను బడి మొహం చూసినదాన్ని కాను. అక్షరాలు, ఎక్కాలు, స్తోత్రాలు అన్నీ మా నాన్న వసారాలో కూర్చోబెట్టి చెప్పినవే. డ్రైవింగూ అలా ఇంటి చదువే. నలభై దాటాక మావారు జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి క్వారీ రోడ్డు మీద, లారీలు తిరగని ఆదివారాలు నేర్పారు. "నీకు గేర్లకంటే గోవింద నామాలే బాగా వచ్చు" అని ఆయన వెక్కిరింత. ఆ రోజు నాకు రెండూ పనికొచ్చాయి.

హైదరాబాదు నుంచి పిల్లతో బయల్దేరేటప్పుడు మా వియ్యపురాలు పిల్ల సంచీ సర్దారు. పెరుగన్నం డబ్బా, అరటిపళ్లు, గిలక, అన్నీ పెట్టారు. దేవుడి దయవల్ల మంచి మనిషి. అడుగున ఇంకోటి కూడా పెట్టారని నాకు తెలీదు. సూర్యాపేట దాకా పిల్ల వెనక సీట్లో తన కుర్చీలో బుద్ధిగా అరటిపండు పిసుకుతూ కూర్చుంది. కోదాడ దాటాక మొదలుపెట్టింది రాగం. జగ్గయ్యపేట చేరేసరికి అది ఆగే ఏడుపు కాదని తెలిసి, బస్సులు ఆగే చోట చెట్టు నీడన కారు పక్కకి తీశా. గిలక కోసం సంచీలో చెయ్యి పెడితే ఈ చున్నీ వచ్చింది. అమ్మ వాసనకి పిల్ల హాయిగా నిద్రపోతుందని ఆవిడ ఆలోచన. పిల్ల దాన్ని మొహానికి అదుముకుంది, ఒక్క క్షణం ఊరుకుంది, ఆ వెంటనే "పాలు, అమ్మ పాలు" అని గుక్కపట్టింది. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి ఫోను.

"తీసుకొచ్చెయ్యమ్మా. ఆ మందేదో తర్వాత చూసుకుందాం."

"ముందు ఫోను పెట్టెయ్" అన్నా. కసిరినట్టే అన్నా. ఎదురుగా యూటర్ను కనిపిస్తూనే ఉంది.

మిరప కోతకి ఆటో కోసం నిలబడ్డ ఒకావిడ దగ్గరికొచ్చింది. మెళ్లో నల్లదారానికి చిన్న సిలువ. "ఏందమ్మా, పిల్ల అట్టా ఏడత్తంది?" అంటూనే ఎత్తుకుని, సిమెంటు లారీలని చూపిస్తూ అటూ ఇటూ తిప్పింది. నేను ఉన్న సంగతి చెప్పా. "తల్లి మందు తినాలంటే బండి ఎనక్కి తిప్పమాకండి. నేను మా ప్రభువుకి చెబుతా, మీరు మీ సామికి చెప్పుకోండి. ఎవరో ఒకరు ఇంటారు" అంది. ఆవిడ చేతుల్లో పిల్ల వెక్కుతూ ఉండగా, చున్నీని కనపడకుండా సీటు కింద కుక్కేశా. ఆవిడ పేరైనా అడగలేదు. ఇవాళ్టికీ దీపం పెట్టేటప్పుడు ఆవిడకి కూడా ఒక దణ్ణం పెట్టుకుంటా.

వేదాద్రి నరసింహస్వామికి దారిలోంచే మొక్కుకున్నా, చేతులు స్టీరింగు మీద ఉన్నాయి కాబట్టి మనసులోనే. నామాలు చదువుతుంటే వెనక వెక్కిళ్లు తగ్గి, నందిగామ వచ్చేసరికి పిల్ల నిద్రపోయింది. మా మలుపు దగ్గర మావారు నల్లద్దాలు పెట్టుకుని, దిష్టి తియ్యడానికి చెంబుతో నీళ్లు పట్టుకుని రోడ్డు మీదే నిలబడ్డారు. కారాపితే పిల్ల లేస్తుంది. మెల్లగా చేసి, పెదాల మీద వేలు పెట్టి చూపించి, ముందుకి వెళ్లిపోయా. "మొగుణ్ణి చూసి కూడా ఆపని డ్రైవరు" అని ఆయన ఇప్పటికీ వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతారు.

పరిటాలలో ఆంజనేయస్వామి ఆకాశమంత నిలబడి ఉన్నాడు. అక్కడ లేచింది పిల్ల. కిటికీలోంచి తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని, "పెద్ద జేజ" అంది. కిందకి దింపి స్వామి ఎదురుగా కూర్చోబెట్టి పెరుగన్నం ముద్దలు పెట్టా. పైకి చూస్తూ మొత్తం తినేసింది. పాలు అడగలేదు. నేను ఫోను చేసి, "పిల్ల అన్నం తిందమ్మా, నువ్వు మందేసుకో" అన్నా. 

"నన్నడగలేదా అమ్మా?"

"ఎందుకడగదే? తింటూ తింటూ అడిగింది" అన్నా. ఆంజనేయుడి పాదాల దగ్గర నిలబడి ఆడిన అబద్ధం. ఆయన ఏమీ అనుకుని ఉండడు. ఆ తర్వాత రెండు రోజులు పిల్ల ఏడవకపోలేదు. అయితే మా అమ్మాయి ఆ సాయంత్రమే మందు వేసుకుంది, స్వామి దయవల్ల కోలుకుంది.

సెలవులకి వచ్చిన మనవరాలు మొన్న అరుగు మీద నా పక్కన చేరి, "ఎవరిది అమ్మమ్మా ఇది?" అంది. మీ అమ్మదే అన్నా. ముక్కు దగ్గర పెట్టుకుని, "ఛీ, దుమ్ము వాసన" అని తుమ్మి ఆటకి పరిగెత్తింది. సీటు కింద నలిగి పడి ఉన్న ఆ గుడ్డలోంచి అమ్మ వాసనని కాలం ఎంత మెల్లగా ఉతికేసిందో, ఇంట్లో ఉన్న మాకెవరికీ తెలియనే లేదు.