ఊగని పడవ
సల్బియా సముద్రం మీదే బతికే బజావుల పిల్ల, పడవలో పుట్టింది. ఇప్పుడు మలేసియాలోని కోట కినబాలు నగరంలో ఒక మేడగదిలో ఒంటరిగా ఉంటూ బొమ్మలు వేస్తుంది. రోజూ సాయంత్రం ఉప్పునీళ్లతో తడిపిన తీగల టోపీ పెట్టుకుని ఆ పడవను తలచుకుంటుంది. ఆ తీగల ద్వారా ఆమె మెదడులో మెదిలేదాన్ని చదివి ఏఐ బొమ్మ గీస్తుంది. పడవను తలచుకోగానే అలల మీద ఉన్నట్టు ఒళ్లు ఊగేది. ఊగితే గీత చెదురుతుందని, ఏళ్లుగా తలగుడ్డతో నడుమును కుర్చీకి కట్టేసుకుంటోంది. మొన్న తమవాళ్లుండే సెంపోర్నా తీరం నుంచి పిన్ని వచ్చి బొమ్మ చూసింది.

"ఎవరిదే ఈ పడవ?"

"మనదే పిన్నీ."

"మనదెలా అవుతుందే? ఒడ్డుకి లాగి పడేసినట్టుంది. కాస్తన్నా ఊగట్లేదు!"

ఇద్దరూ నవ్వుకున్నారు. పిన్ని వెళ్లిపోయాక సల్బియా టోపీ పెట్టుకుంది. తలగుడ్డ కట్టుకోలేదు. బొమ్మ చెదిరితే చెదరనీ అనుకుని కళ్లు మూసుకుంది. ఎంతసేపు కూర్చున్నా నడుము కదల్లేదు.