గాజుల ఫోటోలో చెయ్యి

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మరీ మంచిది. ఎవరేమడిగినా "రేపు సాయంత్రానికల్లా" అనేస్తుంది. ఎల్బీ నగర్‌లో ఆన్‌లైన్ సరుకులకు ఫోటోలు తీసే చిన్న స్టూడియోలో నా ఉద్యోగమే అది. సరుకు ఎప్పుడొచ్చింది, ఫోటోలు ఎప్పటికి వెళ్లాలి, ఆలస్యమైతే ఎవరి తిట్లు తినాలి, అన్నీ నేనే చూస్తాను.

శ్రావణానికి ముందు, దిల్‌సుఖ్‌నగర్‌లో గాజుల దుకాణం నడిపే ఒక పెద్దమ్మ మా దగ్గరికి వచ్చింది. పెట్టె మూతకు పసుపు బొట్టు పెట్టనిదే సరుకును గడప దాటనివ్వని మనిషి. దుకాణంలో అమ్మే గాజులే ఫోటోలకూ రావాలి కాబట్టి మర్నాటికి పెట్టెలు తిరిగి వెళ్లిపోవాలి. దానికి తోడు ఇంకో షరతు పెట్టింది.

"గాజులు ముత్తైదువ చేతికే ఎయ్యాలె బిడ్డా. లేకుంటే నా సరుకు కదలదు."

"అట్లనే పెద్దమ్మా" అన్నాను. మాకు చేతుల ఫోటోలకు హయత్‌నగర్ నుంచి వచ్చే ఆమెకు పెళ్లయింది, చిక్కు లేదనుకున్నాను.

తీరా ఆ రోజు పిల్లకు జ్వరమని ఆమె రాలేదు. మధ్యాహ్నం దాటింది. ఇంకో చేతిని వెతికే టైము లేదు. ఫోటోగ్రాఫర్ నా వైపు తిరిగాడు. "మేడం, జర మీరే ఏసుకోండ్రి. ఎంతసేపు?"

నా భర్త పోయి అప్పటికి రెండేళ్లు. స్టూడియోలో ఎవరికీ చెప్పలేదు, వాళ్ల జాలి నాకు అక్కర్లేదు. ఇప్పుడు చెబితే పని ఆగుతుంది. చెయ్యి చాపాను. చేతి నిండా ఎర్ర గాజులు గలగలమంటే ఏడుపు రావాలి కదా, సంతోషమేసింది. దానికి నా మీద నాకే ఒళ్లు మండింది.

ఆ గాజులు వారం తిరక్కుండా అయిపోయాయి. పెద్దమ్మ ఫోన్ చేసింది. "గా చెయ్యే ఉండాలె. చెయ్యి మారితే జనం దుకాణం మారిందనుకుంటరు."

అక్కడ ఇరుక్కున్నాను. హయత్‌నగర్ ఆమె తిరిగి వచ్చినా గాజులకు పనికిరాకుండా పోయింది. నేను మిరపకాయలు తరగడం మానేశాను, అంట్లకు గ్లౌజులు కొన్నాను. సాయంత్రం గాజులు విప్పి పెట్టెలో సర్ది, బోసి చేతులతో వనస్థలిపురం బస్సెక్కేదాన్ని. నిజం చెప్పేద్దామని అనుకోని రోజు లేదు. చెబితే ఈ పని పోతుంది, అబద్ధమాడిన మనిషిగా నేనూ పోతాను.

శ్రావణ శుక్రవారం ముందు రోజు పెద్దమ్మ చెప్పాపెట్టకుండా మెట్లెక్కి వచ్చింది. చేతిలో పళ్లెం: పసుపు, కుంకుమ, రవికె గుడ్డ, డజను ఆకుపచ్చ గాజులు.

"ఆ పిల్ల ఏది? నా చేతులతోని గాజులేసి బొట్టు పెడ్త. ఆమె చెయ్యి నాకు కలిసొచ్చింది."

ఇయ్యాల రాలేదనబోయాను. ఈలోపు ఫోటోగ్రాఫర్ నవ్వుతూ, "మీ ఎదురుంగనే ఉంది గదా పెద్దమ్మా" అన్నాడు.

ఆమె మురిసిపోయి నా చెయ్యి అందుకుంది. గాజు వేళ్ల దాకా వచ్చింది. కెమెరా ముందు ఆడిన అబద్ధం ఆ పసుపు చేతుల్లో చెయ్యి పెట్టి ఆడలేకపోయాను.

"మా ఆయన లేడు పెద్దమ్మా. పోయి రెండేండ్లయింది."

ఆమె చెయ్యి వదిలేసింది. గాజును పళ్లెంలో పెట్టి, పైన కొంగు కప్పి మెట్లు దిగింది. ఫోటోగ్రాఫర్ తల ఎత్తలేదు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, అయినా లోపల ఎక్కడో నిమ్మళంగా ఉంది. రాబోయే పనులు రాసుకునే బోర్డు మీద గాజుల దుకాణం పేరు తుడిచేశాను.

గంట తిరక్కుండా ఫోన్ మోగింది.

"ఇంకో రెండు పెట్టెలు పంపుతున్న" అంది పెద్దమ్మ, గొంతు తగ్గించి. "చెయ్యి మార్చకు. ఎవ్వరికీ చెప్పకు."

ఫోన్ చెవికి ఆనించుకునే, బోర్డు మీద తుడిచిన పేరు మళ్లీ రాశాను.

"ఎప్పటికిస్తవ్ మరి?"

"రేపు సాయంత్రానికల్లా" అన్నాను.